ఆ ఎనిమిది మందీ మన వైజాగ్ వాళ్లే

వైజాగ్‌లో ఆటో ఎక్కిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాట "ఎన్ఏడీ". ఎన్ఏడీ కొత్తరోడ్డు, ఎన్ఏడీ జంక్షన్, ఎన్ఏడీ ఫ్లైఓవర్. గాజువాక నుంచి వచ్చేవాళ్లకీ, గోపాలపట్నం వెళ్లేవాళ్లకీ, ఎయిర్‌పోర్టుకి పరుగెత్తేవాళ్లకీ అదే మలుపు. సాయంత్రం ఆరు దాటితే మ్యాప్స్‌లో ఎర్రగా వెలిగేది కూడా అదే. కానీ ఎన్ఏడీ అన్నది ఊరి పేరు కాదు, దేవుడి పేరూ కాదు. నేవల్ ఆర్మమెంట్ డిపో. నౌకాదళం ఆయుధాల్ని భద్రపరిచి, బాగుచేసి, ఓడలకి అందించే చోటు. అందులో పనిచేసేవాళ్లలో చాలామంది యూనిఫాం వేసుకోరు. టిఫిన్ బాక్స్ పట్టుకుని పొద్దున్నే డ్యూటీకెళ్లే మామూలు ఉద్యోగులు. మన పక్కింటి అంకుల్స్.

అలాంటి ఎనిమిది మంది 2016 జులై 22, శుక్రవారం పొద్దున చెన్నై పక్కన తాంబరంలో ఓ వాయుసేన విమానం ఎక్కారు. పోర్ట్ బ్లెయిర్‌లో డ్యూటీ. విమానం పేరు ఏఎన్-32, నంబరు కె-2743. 8:30కి ఎగిరింది. 11:45కి దిగాలి. దిగలేదు.

ఈ వారం కాలమ్ ఆ విమానం గురించే. ఇప్పుడెందుకూ అంటే, ఇది పాత వార్త అనుకుని మనం స్క్రోల్ చేసేశాం కాబట్టి. అది దొరికిన రోజు కూడా, 2024 జనవరిలో, సంక్రాంతి హడావుడిలో పడి చాలామంది చూడనే లేదు. దొరికిన విధానం మాత్రం, నాలాంటి కోడ్ రాసుకునే వాడికి, నిద్ర పట్టనివ్వని కథ.

ఆ 42 నిమిషాలు

విమానంలో మొత్తం 29 మంది. ఆరుగురు సిబ్బంది, వాయుసేన వాళ్లు 11 మంది, ఆర్మీ ఇద్దరు, నేవీ ఒకరు, కోస్ట్‌గార్డ్ ఒకరు, మన ఎన్ఏడీ వాళ్లు ఎనిమిది మంది. అండమాన్‌కి వారం వారం సరుకులూ మనుషులూ తీసుకెళ్లే కొరియర్ ఫ్లైట్ లాంటిదది. యుద్ధం లేదు. శత్రువు లేడు. ఉన్నది జులై నెల, బంగాళాఖాతం, రుతుపవనాల మబ్బులు.

9:12కి రాడార్‌లో కనిపించిందే ఆఖరు. అప్పటికి చెన్నైకి తూర్పుగా 151 నాటికల్ మైళ్లు వెళ్లింది, 23,000 అడుగుల ఎత్తులో ఉంది. ఎడమవైపు తిరిగి, వేగంగా కిందికి దిగిపోతున్నట్టు రాడార్ చూపించింది. అంతే. ప్రమాదంలో ఉన్నాం అన్న కబురు ఏ ఫ్రీక్వెన్సీలోనూ రాలేదు. అంతకుముందు పైలట్, దారిలో ఉన్న ఉరుముల మబ్బుల్ని తప్పించుకోవడానికి దారి మార్చుకుంటానని అడిగాడు.

మబ్బే కూల్చిందని నేను రాయను. అది తేల్చాల్సింది విచారణ. కానీ ఆ మబ్బు అంటే ఏంటో తెలుసుకుంటే పైలట్ ఎందుకు తప్పుకోవాలనుకున్నాడో అర్థమవుతుంది.

మనం బీచ్ రోడ్డులో నిలబడి చూస్తే దూరంగా సముద్రం మీద కాలీఫ్లవర్‌లా పైకి పెరుగుతూ కనిపించేదే క్యుములోనింబస్ మేఘం. తెలుగు వాతావరణ వార్తల్లో "క్యుములోనింబస్" అనే రాస్తారు, మా అమ్మమ్మ "కారుమబ్బు" అనేది. వర్షాకాలంలో బంగాళాఖాతం మీద దీని తల 15 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్తుంది. ఏఎన్-32 ఎక్కగలిగే గరిష్ఠ ఎత్తు సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. అంటే మబ్బు మీంచి దాటిపోదాం అన్న ఆప్షన్ లేదు. పక్కనుంచి వెళ్లాలి, లేదా వెనక్కి రావాలి.

23,000 అడుగులంటే ఏడు కిలోమీటర్లు. కింద చెన్నైలో చెమటలు కారుతుంటాయి, అక్కడ మాత్రం సున్నా కంటే పది డిగ్రీలకు పైగా తక్కువ. విచిత్రం ఏంటంటే ఆ చలిలో కూడా మబ్బులోని నీటిచుక్కలు గడ్డకట్టకుండా నీళ్లలాగే ఉండగలవు. ఏదైనా గట్టి వస్తువు తగలగానే దానిమీద మంచై అతుక్కుంటాయి. రెక్క తగిలితే రెక్క మీద, వేగం కొలిచే గొట్టం తగిలితే ఆ గొట్టంలో. దానికి తోడు పైకి లేచే గాలి, పక్కనే కిందికి కూలే గాలి. విమానం కనిపెట్టి వందేళ్లు దాటినా, పైలట్లు ఈ మబ్బు దగ్గర చేసేది ఒక్కటే పని. తప్పుకుని వెళ్లడం.

యుద్ధకాలం నుంచీ ఇదే శత్రువు

రెండో ప్రపంచయుద్ధం అంటే మనకి బాంబులు గుర్తొస్తాయి. వైజాగ్‌కి ఆ జ్ఞాపకం సొంతంగానే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన హార్బర్ మీద బాంబులేశాయి. ఊరు ఖాళీ చేసి జనం పల్లెలకి పోయారని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. కానీ ఆ యుద్ధంలో మన దేశం మీదుగా ఎగిరిన విమానాల్లో చాలావాటిని కూల్చింది తుపాకులు కాదు, వాతావరణం.

అస్సాం నుంచి హిమాలయాల కొసల మీదుగా చైనాకి సరుకు మోసిన దారిని పైలట్లు "హంప్" అనేవాళ్లు, అంటే మూపురం. ఆ దారిలో పోయిన విమానాలు దాదాపు 600. 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకి బయల్దేరిన అమెరికన్ బి-24 బాంబర్ ఒకటి వాటిలో ఉంది. సిబ్బంది దానికి పెట్టుకున్న పేరు "హాట్ యాజ్ హెల్". ఎనిమిది మంది ఉన్నారు. వాతావరణం బాగోలేదు, విమానం చేరలేదు. 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో నడిచి నడిచి దాని శకలాలు కనిపెట్టాడు. 2016 ఏప్రిల్‌లో అక్కడ దొరికిన అవశేషాల్ని మన ప్రభుత్వం అమెరికాకి అప్పగించింది. 2017లో వాటిలో ఒకరిది రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ అనే యువ అధికారిదని తేల్చి, జార్జియా రాష్ట్రంలోని సొంతూళ్లో ఖననం చేశారు. 73 ఏళ్ల తర్వాత.

తేదీలు గమనించారా? ఆ బాంబర్ మనుషుల్ని ఇంటికి పంపింది 2016 ఏప్రిల్‌లో. మన ఏఎన్-32 పోయింది అదే ఏడాది జులైలో.

మన సొంత లెక్కల్లోనూ ఇలాంటివున్నాయి. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కి 102 మందితో వెళ్లిన ఏఎన్-12, వాతావరణం బాగోక వెనక్కి తిరిగి, రోహ్‌తాంగ్ దగ్గర మాయమైంది. 2003లో మంచులో శకలాలు దొరికాయి. 2024 సెప్టెంబర్ చివర్లో మరో నాలుగు మృతదేహాలు దొరికాయి. 56 ఏళ్లకి! కొండ ఆలస్యంగానైనా తిరిగి ఇస్తుంది. మంచు కరుగుతుంది, గొర్రెల కాపరో ట్రెక్కర్‌లో చూస్తారు. సముద్రం అలా కాదు. 1986 మార్చి 25న సోవియట్ యూనియన్ నుంచి ఒమన్ మీదుగా జామ్‌నగర్‌కి కొత్తగా వస్తున్న మరో ఏఎన్-32 అరేబియా సముద్రం మీద మాయమైంది. అది ఇప్పటికీ దొరకలేదు.

సముద్రం కింద నెట్‌వర్క్ లేదు

కె-2743 కోసం వెతుకులాట చిన్నది కాదు. మొదటి రోజుల్లోనే 16 నౌకలు, 6 విమానాలు, ఒక జలాంతర్గామి దిగాయి. తర్వాత సముద్రగర్భాన్ని స్కాన్ చేసే పరిశోధక నౌకలు సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ వచ్చాయి. ఆఖరిగా కనిపించిన చోటు తెలుసు. మరి ఏడేళ్లు ఎందుకు పట్టింది?

దీన్ని మన భాషలో చెప్తాను. మన ఫోన్‌లో ఉన్న ప్రతి "ఎక్కడున్నావ్" టెక్నాలజీ రేడియో తరంగాల మీదే బతుకుతుంది. జీపీఎస్, 4జీ, వైఫై, అన్నీ. ఉప్పునీటిలో ఇవి కొద్ది దూరంలోనే చచ్చిపోతాయి. విమానంలో కూలగానే ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ఎమర్జెన్సీ ట్రాన్స్‌మిటర్‌దీ అదే కథ, మునిగితే మూగది. నీళ్లలో పనికొచ్చేది ఒక్కటే, శబ్దం. అందుకే ప్రయాణికుల విమానాల బ్లాక్ బాక్స్‌కి నీటిలో "టిక్, టిక్" మని పింగ్ చేసే చిన్న బీకన్ పెడతారు. కె-2743లో అలాంటి బీకన్ లేదని అప్పట్లోనే వార్తలొచ్చాయి.

కాబట్టి మిగిలింది మనమే శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వని వినడం. అదే సోనార్. లోతు 3,400 మీటర్లు. నాలుగు బుర్జ్ ఖలీఫాలు ఒకదాని మీద ఒకటి పెట్టినా నీటిపైకి తేలవు. నీటిలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది. ఓడ నుంచి ఒక పింగ్ కిందికి వెళ్లి పైకి రావడానికి నాలుగున్నర సెకన్లు. ఆన్‌లైన్ గేమ్‌లో పింగ్ 200 మిల్లీసెకన్లు దాటితే ఫోన్ విసిరేసే బ్యాచ్ మనం. ఇక్కడ 4,500.

అసలు సమస్య అది కూడా కాదు, రిజల్యూషన్. ఓడ మీదున్న సోనార్ కిరణం వెడల్పు ఒక డిగ్రీ అనుకోండి. 3,400 మీటర్ల కింద అది పరుచుకునే మచ్చ దాదాపు 60 మీటర్లు. ఏఎన్-32 రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి 29 మీటర్లు, పొడవు 24 మీటర్ల లోపు. అంటే విమానం ముక్కలవకుండా చెక్కుచెదరకుండా కింద కూర్చున్నా సరే, ఫొటోలో అది అర పిక్సెల్. అర పిక్సెల్‌ని జూమ్ చేస్తే ఏమొస్తుంది? ఏమీ రాదు.

వెతకాల్సిన జాగా కూడా చిన్నది కాదు. ఆఖరి చోటు చుట్టూ 20 కిలోమీటర్ల వృత్తం గీస్తే 1,250 చదరపు కిలోమీటర్ల పైనే. మన జీవీఎంసీ మొత్తం దాదాపు 680. అంటే పెందుర్తి నుంచి భీమిలి దాకా ఉన్న వైజాగ్ లాంటివి దాదాపు రెండు, చిమ్మచీకట్లో, అర పిక్సెల్ కోసం జల్లెడ పట్టాలి.

దీనికి మందు ఒకటే, కెమెరాని కిందికి పంపడం. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్ఐఓటీ, 6,000 మీటర్ల లోతు దాకా వెళ్లగలిగే ఓ స్వయంచాలిత వాహనాన్ని సమకూర్చుకుంది. మనిషి ఉండడు, తాడు ఉండదు, ముందే రాసిచ్చిన ప్రోగ్రామ్ ప్రకారం నేలకి దగ్గరగా ఈదుకుంటూ పోతుంది. చదరపు సెంటీమీటర్‌కి దాదాపు 350 కిలోల ఒత్తిడి తట్టుకుంటూ. మల్టీబీమ్ సోనార్, సింథటిక్ అపర్చర్ సోనార్, హై రిజల్యూషన్ కెమెరా మోస్తుంది. చెన్నై తీరానికి 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, అది తీసిన చిత్రాల్లో విమాన శకలాలు కనిపించాయి. 2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటించింది.

ఆ ప్రకటనలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. ఆ చిత్రాలు ఏఎన్-32 రూపంతో సరిపోతున్నాయనీ, ఆ ప్రాంతంలో ఇంకే విమానమూ తప్పిపోయిన రికార్డు లేదు కాబట్టి ఇవి దానివే అయ్యుండొచ్చనీ దాని సారాంశం. బగ్ వెతికేటప్పుడు మనం చేసేది కూడా ఇదే. ఇది కాదు, అది కాదు, ఇంకేం మిగిలింది? మిగిలిందే జవాబు. తేడా ఏంటంటే, మన బగ్ వెనకాల 29 ఇళ్లు ఎదురుచూడవు.

"భావిస్తున్నాం" అనే మాట బరువు

విమానం పోయింది జులై 22న. 55 రోజుల తర్వాత, సెప్టెంబర్ 15న, వెతుకులాట ఆపేశారు. 29 మందీ మరణించినట్టు భావిస్తున్నామని కుటుంబాలకి చెప్పారు. అప్పట్లో అమల్లో ఉన్న సాక్ష్యాధారాల చట్టం సెక్షన్ 108 ప్రకారం ఏడేళ్లు ఆచూకీ లేకపోతే గానీ మనిషి చనిపోయినట్టు లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. ఇలాంటి ప్రమాదాల్లో విచారణ చేసి ముందే ప్రకటిస్తారు, లేకపోతే పెన్షన్ రాదు, ఇన్సూరెన్స్ రాదు, బ్యాంక్ అకౌంట్ కదలదు. ఆ కాగితం దయతోనే ఇస్తారు. కానీ "భావిస్తున్నాం" అన్న మాటతో ఇంట్లో ఏం చెయ్యాలి?

మన ఇళ్లల్లో ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. బొట్టు, మెట్టెలు ఏం చెయ్యాలి? కర్మ చెయ్యాలా, ఆగాలా? శరీరం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మనలో ఉంది. కానీ ఆ బొమ్మకి నిప్పు పెట్టడమంటే, ఇక రారు అని మన చేత్తో మనం సంతకం పెట్టడం. "ఏ దీవికో కొట్టుకుపోయి ఉంటే?" అని ఒకరు అంటారు. ఆ ఒక్క మాట చాలు, ఇంకో ఏడాది గడిచిపోతుంది. జాలారిపేట వెళ్లి అడగండి, వేటకెళ్లి తిరిగిరాని మనిషి కోసం ఎదురుచూడటం అంటే ఏంటో వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఫోన్‌లు వచ్చాక ఈ ఆశ ఇంకా క్రూరంగా తయారైంది. 2014లో మలేషియా విమానం ఎంహెచ్370 మాయమైనప్పుడు, తమవాళ్ల నంబరుకి కాల్ చేస్తే రింగ్ అవుతోందని కొన్ని కుటుంబాలు చెప్పాయి. టెలికాం నిపుణులు వివరించారు. అవతలి ఫోన్ కోసం నెట్‌వర్క్ వెతుకుతున్నంతసేపూ కాల్ చేసినవాళ్లకి రింగ్ శబ్దం వినిపించొచ్చు, అక్కడ ఫోన్ మోగుతోందని దానర్థం కాదు. లాజిక్ కరెక్టే. కానీ చెవిలో రింగ్ వినిపిస్తుంటే ఏ తల్లికి ఈ లాజిక్ ఎక్కుతుంది?

అందుకే శకలాలు దొరకడం చిన్న విషయం కాదు. ఏడున్నరేళ్ల తర్వాత దొరికింది మనుషులు కాదు, ఒక సమాధానం. ఇదిగో, ఇక్కడ, ఇంత లోతులో. దీవి లేదు, రింగ్ లేదు. ఏడవడానికి ఒక చోటు దొరికింది.

దొరకకపోవడం కూడా డేటానే

వెతకడం వల్ల బతికున్నవాళ్లకీ లాభం ఉంటుంది. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం 228 మందితో అట్లాంటిక్‌లో, ఇలాంటి ఉరుముల మబ్బుల ప్రాంతంలోనే పడిపోయింది. రెండేళ్లు దొరకలేదు. 2011లో గణిత నిపుణులు ఒక పని చేశారు. అంతకుముందు వెతికి "ఇక్కడ లేదు" అన్న చోట్లని కూడా లెక్కలోకి తీసుకుని, బహుశా బీకన్‌లు పనిచేయలేదేమో అనుకుని, బేస్ సూత్రంతో మళ్లీ మ్యాప్ వేశారు. ఇంజనీరింగ్ మూడో సెమిస్టర్‌లో పాస్ మార్కుల కోసం బట్టీ పట్టిన అదే బేస్ సిద్ధాంతం. కొత్త మ్యాప్ చూపించిన చోట వెతికితే వారం రోజుల్లో, 3,900 మీటర్ల లోతులో దొరికింది. బ్లాక్ బాక్స్‌లు పైకి తీశారు. వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకోవడంతో గందరగోళం మొదలైందని తేలింది. ప్రపంచమంతా పైలట్ల ట్రైనింగ్ మారింది. నీటిలో బీకన్‌లు 30 రోజులు కాకుండా 90 రోజులు పనిచేయాలన్న నియమం వచ్చింది.

ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియం చూసే ఉంటారు. టీయూ-95 బాంబర్ నుంచి పుట్టిన సముద్ర నిఘా విమానం. 29 ఏళ్లు, 30,000 గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరి 2017 మార్చిలో రిటైరైంది. అదే ఏడాది డిసెంబర్‌లో మన బీచ్‌లో మ్యూజియంగా ప్రారంభమైంది. దాన్ని చూసి గర్వపడాల్సిందే. సెల్ఫీ కూడా దిగండి. కానీ దిగేటప్పుడు దాని ముక్కు అవతల ఉన్న నీళ్లని కూడా ఓసారి చూడండి. అదే బంగాళాఖాతం.

నా ఉద్యోగంలో సర్వర్ ముప్పై సెకన్లు పలక్కపోతే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. ఆర్డర్ చేసిన బిర్యానీ ఏ సిగ్నల్ దగ్గర ఆగిందో స్విగ్గీ చూపిస్తుంది. ప్రయాణికుల విమానాలు సముద్రం మీద ఉన్నప్పుడు కనీసం 15 నిమిషాలకోసారి ఎక్కడున్నాయో తెలియాలని అంతర్జాతీయ నియమం ఉంది. వారం వారం సముద్రం దాటే సైనిక రవాణా విమానంలో మనవాళ్లు వెళ్తున్నప్పుడు, నీళ్లలో పడ్డా పలికే చిన్న బీకన్ అడగడం అత్యాశ కాదు. రహస్యాలకీ దానికీ సంబంధం లేదు. అది మునిగాకే పలుకుతుంది.

తెలుగులో ఇంట్లోంచి బయటికెళ్లేటప్పుడు ఎవరూ "వెళ్తా" అనరు. అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. "వెళ్లొస్తా" అనాలి. ఆ ఎనిమిది మందీ కూడా అదే అని ఉంటారు. ఆ మాటలో వెళ్లడం మనిషి బాధ్యత. రావడం మాత్రం విమానాన్ని తయారుచేసినవాడిదీ, సరిచేసినవాడిదీ, దాన్ని ఏ మబ్బులోకి పంపాలో నిర్ణయించేవాడిదీ, పోతే చివరిదాకా వెతికేవాడిదీ కూడా.